మీటరు రాక పూర్వము, వచ్చిన పిదప

హుస్సేన్‌సాగరపు కట్టకు దిగువను, ఆ చెఱువు మిగులునీటిని మూసీనదికి కొనిపోవు నాలాకు చేరువను, చిక్కడ్‌పల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములకును ఆజమాబాదు కర్మాగారములకును నడుమ నిమిడియున్న బాగ్ లింగంపల్లి, తన పేరునందు ఒక తోటను నేటికిని నిలుపుకొనియున్నది. ఆ తోట స్థానమున నేడు హౌసింగుబోర్డు కట్టించిన ఇండ్లవరుసలును, వాని నడుమ లేచిన అపార్టుమెంట్లును, పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరిట వెలసిన ఉద్యానవనమును, విజ్ఞానకేంద్రమును కానవచ్చును. ఇట్టి పేటలో ఒక సామాన్యకుటుంబము రాత్రి వెలుతురును, వంటకు వలసిన వేడిని, వేసవిలో చల్లదనమును, త్రాగునీటిని ఎట్లు సంపాదించుకొన్నదో, వానికి ఏమి వెల యిచ్చినదో, ఆ వెలను తగ్గించుకొనుటకు ఏయే యుపాయములు పన్నినదో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

కరెంటు బిల్లు హెచ్చినపుడు ఇంటిలో మొదట నింద మోయునది స్విచ్చి ఆర్పక మఱచిన చేయి. ఆ నింద కొంతవఱకు న్యాయమే కావచ్చును. కాని ఈ వందయేండ్ల కథను తరచి చూచినవారికి తెలియవచ్చునదేమనగా, ఒక యింటి యింధనవ్యయములో పెద్దపాలు ఆ యింటివారు కాపురమునకు వచ్చుటకు పూర్వమే, గోడల మందమును, కప్పు ఎత్తును, నీరు వచ్చు త్రోవను నిర్ణయించినవారిచేత నిశ్చయింపబడి యుండును. మిగిలిన చిన్నపాలును గురించియే ఇల్లాండ్రు తరతరములుగ పోరాడుచున్నారు. ఈ తారతమ్యమును గుర్తింపక పొదుపును గురించి చెప్పు హితబోధలన్నియు సగము మాత్రమే సత్యములు.

విద్యుత్తు రాక పూర్వము తెలంగాణపు టిండ్లకు వెలుతురు నిచ్చినది ఆముదము. నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో ఆముదపుపంట సమృద్ధిగ పండెడిది. హైదరాబాదు సంస్థానము ఆ గింజలను దేశాంతరములకు సయితము పంపుచుండెను. ఆముదము మెల్లగ కాలును, పొగ తక్కువ, అంటుకొని మండిపోవునన్న భయము తక్కువ. కాని వెలుతురును తక్కువయే. అందుచేత ఇంటి దినచర్య యంతయు ఆ చిన్నవెలుగు చుట్టును అల్లుకొన్నది. ప్రొద్దు క్రుంకకమున్నే వంట ముగించుట, ఒక్క దీపమునే వంటయింటినుండి వసారాకు, వసారానుండి పడకటింటికి మార్చుకొనుట, గోడలో గూడు కట్టి అందు దీపముంచి సున్నము పూసిన తెల్లనిగోడ వెలుతురును రెట్టింపజేయునట్లు చూచుకొనుట, ఇవి యన్నియు పొదుపని ఎవరును పేరుపెట్టని పొదుపులు. తరువాత గాసునూనె వచ్చెను. కందీలును, చిమ్నీబుడ్డియు ఆముదపు ప్రమిదకంటె ఎన్నియో రెట్లు వెలుతురు నిచ్చినవి. పిల్లలు రాత్రి చదువుకొనుటకు వీలు కలిగినది. దానితోపాటు మసియు, కంపును, నిప్పు ప్రమాదమును ఇంట ప్రవేశించినవి. ప్రతిసాయంత్రమును చిమ్నీగాజును బూడిదతో తోమి తుడుచుట ఇంటి ఆడపిల్లల వంతుపని యయ్యెను. గాజు మసిబారినచో వత్తి పెంచవలయును, వత్తి పెంచినచో నూనె ఖర్చగును. కనుక ఆ తోముట అందమునకు కాదు, నూనెసీసాకొఱకే.

వంటయింటి లెక్క ఇంతకంటె కఠినమైనది. కట్టెల అడితిలో మణుగుల చొప్పున తూచి తెచ్చుకొన్న కట్టె తడిగ నున్నచో బరువున కొకమాఱు, పొగవలన మఱొకమాఱు నష్టము. పిడకలు, బొగ్గుల కుంపటి, కోతమిల్లులనుండి తెచ్చిన రంపపుపొట్టును డబ్బాలో దట్టించి నడుమ రంధ్రము విడిచి కాల్చు పొట్టుపొయ్యి, ఇవి పట్టణపు పేదయిండ్ల సాధనములు. అన్నము దించిన పొయ్యిమీద పప్పు, పప్పు దించిన పిదప నివురుమీద పాలు, చివర మిగిలిన సెగకు స్నానపు నీళ్లు, కట్టె ఆరకమున్నే నీళ్లు చల్లి ఆర్పి ఎండబెట్టిన బొగ్గులు మఱునాటి కుంపటికి: ఒక్క నిప్పును ఇన్ని మెట్లుగ వాడుకొను ఈ పద్ధతిని ఏ యింజనీరును మెఱుగుపఱచుట కష్టము. అయితే దీనిని పొగడునపుడు ఒక మాట మఱువరాదు. ఈ పొదుపునకు ధర చెల్లించినవి స్త్రీల కన్నులును ఊపిరితిత్తులును. ఆ వ్యయము ఏ యింటి జమాఖర్చు పుస్తకములోను ఎన్నడును ఎక్కలేదు.

చల్లదనము మాత్రము ఆనాటి యింటికి దాదాపు ఉచితముగ దొరకెను. డంగుసున్నముతో కట్టిన రెండడుగుల రాతిగోడ పగటి వేడిని తనలో మ్రింగి రాత్రికి గాని విడువదు. ఎత్తైన కప్పు క్రింద వేడిగాలి మనుష్యుల తలలకు పైన నిలిచి కప్పుకు దాపుననున్న చిన్నకిటికీల గుండ వెలికి పోవును. షాబాదుబండల నేల కాలిక్రింద చల్లగ నుండును. నడుమనున్న ముంగిలి రాత్రి చల్లబడి ఉదయమువఱకు ఆ చలువను గదులకు పంచును. కలవారు వట్టివేళ్ల తడకలను ద్వారములకు కట్టించి నీళ్లు చల్లింతురు. లేనివారు గోనెపట్టాను తడిపి వ్రేలాడదీయుదురు. నీరు ఆవిరియగునపుడు చుట్టునున్న గాలినుండి వేడిని లాగికొనుట ఈ రెండింటికిని సమానమైన ప్రకృతిధర్మము. దక్కను పీఠభూమి వేసవి పొడిగ నుండుటచేత ఈ ధర్మము ఇచ్చట సముద్రతీరమునందుకంటె ఎక్కువగ ఫలించును. బందరులో తడక తడిపినచో ఉక్కపోత పెరుగును; హైదరాబాదులో గది చల్లబడును.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసినది. ఆ విపత్తునుండి పుట్టిన సంస్కరణములు నేటి గృహవ్యయము దాక ప్రాకివచ్చినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, ప్లేగువ్యాధికి నెలవైన ఇఱుకుపేటలను తొలగించి గాలియు వెలుతురును ధారాళముగ ప్రసరించు ఇండ్లను వెడల్పైన వీథులను నిర్మించుటను తన ధర్మముగ స్వీకరించెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి వఱదనాపుటకు మూసీమీద 1920లో గండిపేట చెఱువనబడు ఉస్మాన్‌సాగరమును, ఈసీవాగుమీద 1927లో హిమాయత్‌సాగరమును వెలసినవి. వఱదను ఆపిన ఆ జలాశయములే నగరమునకు దాహము తీర్చినవి. ఇందు మన విషయమునకు ముఖ్యమైన అంశమొకటి కలదు: గండిపేట నగరముకంటె ఎత్తున నుండుటచేత అచ్చటి నీరు కాలువగుండ తన బరువుతో తానే ఆసిఫ్‌నగరమందలి ఇసుకవడపోత మడుగులకు దిగివచ్చెను. దానిని నడిపించుటకు బొగ్గుగాని కరెంటుగాని అక్కఱలేకుండెను. భూమి వాలును చదివి దానికి తగినట్లు పనిచేసిన ఆ యింజనీర్ల వివేకమును తలచుకొన్నపుడెల్ల నాకు చేతులు జోడింపవలెనని తోచును. ఏలయన, ఆ వాలు చేసిన మేలు కొన్ని తరములవారి నీటిపన్నులో మౌనముగ జమయగుచు వచ్చినది.

అదే 1920లో హుస్సేన్‌సాగరపు టొడ్డున నిజాం ప్రభుత్వము బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమును నెలకొల్పెను. దాని శక్తి క్రమముగ పెరిగి 22.5 మెగావాట్లకు చేరినది. నేటి నెక్లెస్‌రోడ్డు వినోదస్థలములున్న ప్రదేశమున నాడు పొగగొట్టములు నిలిచియుండెడివి. సంస్థానమందలి సింగరేణి గనులు, రైలుమార్గము, చెఱువునీరు, ఈ మూటి కూడలిలో ఆ కేంద్రపు కరెంటు పుట్టెను. మొదట అది భవంతులకును, రాజవీథులకును, కర్మాగారములకును చేరి, చిక్కడ్‌పల్లి, నారాయణగూడల మధ్యతరగతి యిండ్లకు మెల్లమెల్లగ దిగివచ్చెను. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడెను. మాచ్‌ఖండ్, తుంగభద్ర, కొత్తగూడెము, నాగార్జునసాగరము, శ్రీశైలము ఒకదాని వెంట నొకటి తీగెలకు తోడైనవి. హుస్సేన్‌సాగరపు కేంద్రము 1983లో మూతపడెను. ఈ నడుమ ఇంటిగోడపై వెలసిన నల్లనిపెట్టె, గాజువెనుక తిరుగు అల్యూమినియపు చక్రము, కుటుంబజీవనమున క్రొత్త గణనమును ప్రవేశపెట్టినవి. నూనె సీసాలో తగ్గుట కంటికి కనబడెడిది. కట్టెలగుట్ట తఱుగుట కంటికి కనబడెడిది. కరెంటు ఖర్చు మాత్రము నెల గడచిన పిదప కాగితముపై గాని కనబడదు. కనబడని దానిని పొదుపు చేయుట మనుష్యస్వభావమునకు కష్టము. ఇల్లాలు వేయియేండ్లుగ నేర్చిన చూపు ఇచ్చట పనికిరాకపోయెను.

కరెంటును గురించి ఇంత చెప్పినను, అది ఇండ్లకు మెల్లగ చేరుచుండిన ఆ కాలమున గృహేంధనమనగా ప్రధానముగ పొయ్యియే. ఈ పొయ్యిని గురించి మన నగరమున జరిగిన ఒక మహాప్రయత్నమును నేటివారు దాదాపు మఱచిపోయినారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు డైరెక్టరుగ నుండిన డాక్టరు ఎస్.పి. రాజుగారు, ఆనకట్టలను, కాలువలను, మట్టిబలమును పరీక్షింపవలసిన ఆ సంస్థలో కూర్చుండి, పల్లెటూరి మట్టిపొయ్యిని పరిశోధనమునకు వస్తువుగ స్వీకరించిరి. కోట్లాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు కావలెనను అర్థము వచ్చునట్లు పేరుపెట్టి 1953లో వారు ప్రకటించిన ఆంగ్లగ్రంథము ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ దేశదేశముల ఇంధనశాస్త్రజ్ఞులు నేటికిని పేర్కొనునది. ఆ పరిశోధనాలయపు ఆంగ్లనామములోని మొదటి అక్షరములను కూర్చి ఆ పొయ్యిని ‘హెర్ల్’ చూలా అని వ్యవహరింతురు.

దాని నిర్మాణము సరళము. మూడు రాళ్ల పొయ్యిలో మంట కుండ ప్రక్కలనుండి తప్పించుకొని గదిలోనికి పోవును. వేడిలో అధికభాగము ఎవరికిని ఉపయోగపడక నశించును. రాజుగారి పొయ్యి అన్నివైపుల మూయబడినది. కట్టె ఒక కొసనుండి లోనికి పోవును. మంట మొదటి కుండ అడుగును తాకి, అచ్చటినుండి మట్టిలోపలి సొరంగముగుండ రెండవదానికి, మూడవదానికి ప్రాకి, చివరకు గొట్టముగుండ కప్పుపైకి వెడలును. గొట్టమునకు ముందు ఒక పలక యుండును; దానిని లోనికి నెట్టిన గాలి తగ్గును, వెలికి లాగిన హెచ్చును. వెదకి చూడగా ఇందులోని తత్త్వము మన యిల్లాండ్రు అన్నము, పప్పు, పాలు, స్నానపు నీళ్లు అని వరుసగ చేసిన పనియే. వారు ఒకదాని తరువాత నొకటిగ చేసినదానిని ఈయన ఏకకాలమున జరుగునట్లు మలచిరి. ముడిసరుకు మట్టి, ఇటుకముక్కలు, ఒక గొట్టము. పెద్దచదువు చదివిన ఇంజనీరొకరు తన పాండిత్యమును వంటయింటి మసిగోడ యెదుట నిలిపి, అచ్చట కూర్చున్నవారి దగ్గును తన విద్యకు సమస్యగ గైకొనుటకంటె గొప్ప వినయమును నేనెఱుగను.

అయినను ఈ పొయ్యి చరిత్రము విజయగాథ మాత్రమే కాదు. పొగను వెలికి పంపుటలో అది సఫలమైనది. కట్టెను తగ్గించుటలో అంతగ కాలేదు. గొట్టము బాగుగ లాగినచో గాలి వేగమున కట్టె త్వరగ మండిపోయి వేడి ఆకాశము పాలగును. పలకను సమయమునకు నెట్టుట వంటలో మునిగినవారికి గుర్తుండదు. మూడవ కుండలో వండుటకేమియు లేనిదినమున ఆ రంధ్రమును మూయనిచో పొగ తిరిగి గదిలోనికే వచ్చును. గొట్టములో మసి పేరుకొన్న పిదప దానిని దులుపువారుండరు. పరిశోధనశాలలో ఎంతో మిగిల్చిన పొయ్యి వంటయింటిలో కొన్నియెడల మామూలు పొయ్యికంటె ఎక్కువ కట్టెను తినినదని తరువాతి పరిశీలకులు వ్రాసిరి. 1983లో కేంద్రప్రభుత్వము దేశమంతటను మెఱుగుపఱచిన పొయ్యిలను ప్రచారము చేయ పూనుకొన్నపుడును ఇదే యిబ్బంది ఎదురైనది. ఏ యుపకరణమైనను దానిని వాడువారు రోజును రెండుపూటలు ఏమి చేయుదురో, వారి చేతులకు తీరిక ఎంతయో లెక్కవేసి నిర్మింపబడినపుడే పొదుపు నిచ్చును. రాజుగారి పక్షమున చెప్పవలసిన మాట యింకొకటి కలదు. కట్టె మిగులకపోయినను కన్నులు మిగిలినవి. ఆ లాభమును ఇంధనపు తక్కెడలో తూచుట న్యాయము కాదు.

పట్టణమునందు ఈ చిక్కును తీర్చినది మట్టిపొయ్యి కాదు. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయము సింగరేణి బొగ్గును తక్కువ వేడిమిలో కాల్చి పొగలేని గృహేంధనముగ మార్చు విద్యను పెంపొందించెను, కిరసనాయిలు వత్తులస్టవ్వులు వచ్చినవి, 1970ల చివర అంతర్జాతీయముగ చమురు ధర మండిపోయిన దినములలో తక్కువ నూనెతో ఎక్కువ వేడి నిచ్చు నూతన్ స్టవ్వు వచ్చినది, ప్రెషర్‌కుక్కరు వచ్చినది, చివరకు గ్యాసుబండ అన్నిటిని వెనుకకు నెట్టినది. కుక్కరును గురించి మాత్రము నిలిచి ఒక మాట. మూత బిగించి ఆవిరిని బంధించుటచేత కందిపప్పు ఉడుకు కాలము ఎన్నియో పాళ్లు తగ్గెను. ఏ యుపన్యాసమును, ఏ ప్రచారమును లేకయే అది ఇంటింట ప్రవేశించుటకు కారణము ఇంధనము మిగులుట యొక్కటి కాదు, సమయము మిగులుట.

ఇక ఇండ్ల కథకు వత్తము. నగరాభివృద్ధి సంస్థకు వారసురాలైన ఆంధ్రప్రదేశ్ హౌసింగుబోర్డు బాగ్ లింగంపల్లిలో అల్పాదాయ, మధ్యాదాయ, ఉన్నతాదాయ వర్గములకు ఇండ్లు కట్టించెను. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అను ఆ పొడి అక్షరములు నేటికిని ఇచ్చటి చిరునామాలలో బ్రతికియున్నవి. అద్దెయిండ్లలో నలిగిన గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు, కార్మికులకు తమదను గూడును ప్రసాదించిన ఆ ప్రభుత్వకార్యమును తక్కువచేయుట కృతఘ్నత. కాని తక్కువ ధరకు ఎక్కువ ఇండ్లు కట్టవలసిన నిర్బంధముచేత గోడ సన్నగిల్లెను, కప్పు క్రిందికి దిగెను, డంగుసున్నపు మిద్దె స్థానమున కాంక్రీటు స్లాబు పఱచుకొనెను. పై యంతస్తు స్లాబు ఏప్రిల్, మే నెలలలో పగలంతయు ఎండను త్రాగి రాత్రియంతయు ఆ వేడిని లోనికి క్రుమ్మరించును. పాతయింట ముంగిలి ఉచితముగ చేసిన పనిని క్రొత్తయింట పంకా కరెంటుతో చేయవలసివచ్చెను. గోడలో మిగిల్చిన రూపాయలు నెలనెల బిల్లులో వెలికి వచ్చుట ప్రారంభించెను. కట్టినవారికి అయిన పొదుపు, ఉన్నవారికి అయిన వ్యయము: గృహనిర్మాణములో ఈ యన్యాయము నేటి బహుళాంతస్తుల భవనములదాక అవిచ్ఛిన్నముగ కొనసాగుచున్నది.

దీనికి నగరవాసులు కనిపెట్టిన సమాధానము కూలరు. వట్టివేళ్ల తడకకు పంకాను, చిన్న నీటిమోటారును జోడించినచో కూలరగును. తాతలనాటి విద్యయే యినుపపెట్టెలో నిలిచినది. అది వాడు కరెంటు ఏర్‌కండిషనరు వాడు దానిలో పదవవంతుకు కొంచెము అటునిటు. రోహిణికార్తె గడచి వానలు పడి గాలిలో తేమ హెచ్చిన పిదప అది పనిచేయదు. తడకయును పనిచేయకుండెడిది. కిటికీ తెఱచియుంచి, బయటి గాలి లోనికి వచ్చి వేఱొక త్రోవను వెలికి పోవునట్లు చూచినపుడే కూలరు ఫలించును. తలుపులన్నియు బిగించి దానిని నడుపువారు కరెంటును వెచ్చించి ఉక్కను కొనుచున్నారు.

నీటి సంగతియు మాఱెను. నగరము పెరిగి గండిపేట చాలక మంజీరనుండి, పిదప 2004 మొదలుకొని కృష్ణనుండి నీరు తేబడుచున్నది. నాగార్జునసాగరపు పూర్ణజలమట్టము 590 అడుగులు, అనగా 180 మీటర్లు. హైదరాబాదు నేల 500 మీటర్లకు పైమాట. నూఱు కిలోమీటర్లకు మించిన దూరము, మూడువందల యేబది మీటర్ల యెత్తు. వేయి లీటర్ల నీటిని అంత యెత్తునకు ఎక్కించుటకు ఏ నష్టమును లేదనుకొన్నను దాదాపు ఒక యూనిట్టు కరెంటు కావలెను. పంపులలో, గొట్టములలో పోవు నష్టముతో ఇంకను ఎక్కువ. నల్లాలో వచ్చిన ఆ నీరు సంపులో పడి, మోటారుతో మఱల డాబామీది ట్యాంకునకు ఎక్కును. గండిపేటనుండి ఖర్చులేక దిగివచ్చిన నీటికిని, సాగరమునుండి ఎక్కివచ్చు నీటికిని రుచిలో భేదము లేకపోవచ్చును. కాని కారుచున్న నల్లా ఇప్పుడు మండుచున్న దీపమే. 2021 మొదలుకొని నెలకు ఇరువది వేల లీటర్లవఱకు నీటిబిల్లు లేదను సౌకర్యము నగరములో కలిగినది, పేదలకది మేలు. ఆ నీటిని ఎక్కించు కరెంటుకు మాత్రము ఎవరో యొకరు వెల చెల్లింపవలసియే యున్నది.

ఈ వెల ఎవరు చెల్లింపవలెనను ప్రశ్నయే బాగ్ లింగంపల్లికి కూతవేటు దూరమున నెత్తురు చిందించెను. 1999లో విద్యుచ్ఛక్తి బోర్డు ఉత్పత్తికి ఒకటి, ప్రసారమునకు ఒకటియని విడివడెను. క్రొత్తగ ఏర్పడిన నియంత్రణమండలి 2000 సంవత్సరమున చార్జీల పెంపునకు ఆమోదమిచ్చెను. ఆ పెంపునకు నిరసనగ వామపక్షములు, ఇతర ప్రతిపక్షములు ఆగస్టు 28న శాసనసభవైపు నడిపిన ఊరేగింపుపై బషీర్‌బాగులో పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఇంటి కరెంటు బిల్లు ప్రభుత్వముల తలరాతను మార్చగల కాగితమని తెలుగునాట అందఱికిని అర్థమైనది ఆనాడే. తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమును ఈ విషయమున నిర్భయముగ అడుగువేయలేదు. 2024 మార్చి బిల్లులనుండి తెలంగాణలో అర్హులైన కుటుంబములకు రెండువందల యూనిట్లవఱకు గృహజ్యోతి పేర ఉచితవిద్యుత్తు లభించుచున్నది.

అర్హత లేని మధ్యతరగతివారికి ఆ రెండువందల గీత వేఱువిధముగ ముఖ్యమైనది. 2022లో నిర్ణయమైన రేట్ల ప్రకారము నెలకు సరిగ 200 యూనిట్లు కాల్చిన యింటికి మొదటి నూఱు 3 రూపాయల 40 పైసలు, తరువాతి నూఱు 4 రూపాయల 80 పైసల చొప్పున 820 రూపాయలు శక్తిచార్జీ యగును. ఒక్క యూనిట్టు మించి 201 అయినచో మొదటి రెండువందలును 5 రూపాయల 10 పైసల రేటునకు, ఆ ఒక్కటి 7 రూపాయల 70 పైసలకు మాఱి, మొత్తము 1027 రూపాయల 70 పైసలగును. ఆ యొక్క యూనిట్టు వెల రెండువందల రూపాయలకు మించినదన్నమాట. ఈ లెక్క ఇంటింట తెలియవలసినది. పాతరకము పంకా 75 వాట్లది రోజుకు ఇరువది గంటలు తిరిగిన నెలకు 45 యూనిట్లు; అదే గాలి నిచ్చు క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్లది 18 యూనిట్లు. మూడు పంకాలు మార్చిన యింట 81 యూనిట్లు మిగులును. నెలకు 270 యూనిట్లు కాల్చు కుటుంబము ఇందువలన 189కి దిగినచో శక్తిచార్జీ 1559 రూపాయలనుండి 767 రూపాయలకు, సగముకంటె తక్కువకు, పడిపోవును. అరువది వాట్ల బుడ్డిబల్బు స్థానమున తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము రాత్రి ఆరుగంటలు వెలిగిన నెలకు మఱి తొమ్మిది యూనిట్లు మిగులును. వంటయింటిలో స్విచ్చి ఆర్పుమని పిల్లలను గద్దించుటవలన ఒక సంవత్సరమున మిగులునది ఈ మార్పులు ఒక నెలలో మిగుల్చునదానికి సాటిరాదు.

అయితే పంకాలన్నియు మార్చినను పైనున్న స్లాబు మాఱదు. ఇచ్చట చరిత్ర మఱల సున్నమువద్దకు వచ్చినది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వభవనములకును వాణిజ్యభవనములకును, ఆరువందల చదరపు గజములకు తక్కువకాని స్థలమున కట్టు నివాసములకును ఎండను త్రిప్పికొట్టు తెల్లని కప్పును విధించెను. తెల్లనిపూత పూసిన స్లాబు క్రింది గది రెండు డిగ్రీలు మొదలు నాలుగుదాక చల్లబడునని పరిశీలనములు తెలుపుచున్నవి. ఈ నియమము హౌసింగుబోర్డు పాత ఇండ్లకు అన్వయింపదు. వాని స్థలములు చిన్నవి, నిర్మాణము ఎప్పుడో ముగిసినది. కాని విధాయకము లేకున్నను సున్నము అంగళ్లలో దొరకుచునే యున్నది. వేసవి ప్రవేశింపకమున్నే రెండుపూతలు వేయుటకు పై యంతస్తువారొక్కరే పూనుకొన్నచో వారు క్రిందివారందఱికిని గొడుగు పట్టుచు, కూలీని తామే భరించుచున్నారు. డాబా అందఱిది, దానిపై ట్యాంకు అందఱిది, వానకారినపుడు మరమ్మతు అందఱిది. సున్నపు ఖర్చును కూడ నిర్వహణ చందాలో చేర్చి నాలుగంతస్తులవారును పంచుకొనునట్లు నివాససంఘములు ఫాల్గుణమాసముననే తీర్మానము వ్రాసికొన్నచో, చైత్రమునాటికి పూత ఆరును, వైశాఖపు బిల్లులో దాని ఫలము కనవచ్చును.